కర్రపెద్ద బొడ్డు ఎత్తు

రోహిణి కార్తె, మూడో రోజు

ఈ పొద్దున బయటికి వస్తుంటే గజలక్ష్మి వీపు పశువుల సావిడి గుమ్మం పైచెక్కకి రాసుకుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న బూజంతా దాని నల్లటి వీపుకి అంటుకుంది. అది ఆగి, తల తిప్పి, గుమ్మం నేనే దించేశానన్నట్టు నన్ను చూసింది. కొబ్బరిపీచుతో రుద్ది తుడిచేసరికి నాకు చెమటలు పట్టాయి.

మా ఏడో లంకలో గేదె అంటే నా తొడ ఎత్తు. సముద్రం వచ్చి కోనసీమను కప్పేశాక, మట్టి పోసి ఈ లంకలు లేపినప్పుడు, చోటు తక్కువ కదా అని గట్టు మీద ప్రయోగశాలలో ఈ కురచజాతిని తయారుచేసి ఇచ్చారట. గట్టు అంటే మునగకుండా మిగిలిన నేల. మా గేదె గంపెడు గడ్డి తిని గ్లాసుడు పాలిస్తుంది. గజలక్ష్మి అలా కాదు. మూడేళ్ళకే నా గుండెల దాకా వచ్చింది. నేనేమీ మందు పెట్టలేదు. ఎక్కడో అడుగున దాగిన పాత రక్తం పైకి తేలినట్టుంది. మా లంకలో ఎవరూ ఏనుగును చూడలేదు గనక పేరుకి ఎవరూ అడ్డు చెప్పలేదు.

పాలు తీసి, నీళ్ళ వడపోత యంత్రం జల్లెడ కడిగి, పేడ ఎత్తేసరికి బావ మజ్జిగకి వచ్చాడు. బావ అంటే మా మేనత్త కొడుకు సూర్యచక్రం. లంకకి కర్రపెద్ద. మజ్జిగ తాగి మూతి తుడుచుకుని, గజలక్ష్మిని కిందనుంచి పైదాకా చూశాడు.

“వేణీ, ఇది ఈయేడు కర్ర కింద దూరదే.”

“నువ్వు కాస్త పొట్ట లోపలికి పీల్చుకో బావా, బొడ్డు పైకెళ్తాది.”

“నవ్వులాట కాదే. పోయినేడే వీపు మీద వెంట్రుకలు కర్రకి తగిలాయి. ఈగ వాలిందేమో అనుకున్నట్టు ఊరుకున్నాను. ఈసారి అందరూ చూత్తారు.”

ఏటా పునర్వసు మొదటి రోజున మా లంకలో కర్ర పడుతుంది. కర్రపెద్ద ఒక కొసను తన బొడ్డుకి ఆనించి పట్టుకుంటాడు. పశువును సాకేవాళ్ళు రెండో కొసను అంతే ఎత్తులో పట్టుకోవాలి. ఎవరూ తాడు లాగకుండా పశువు తనంతట తాను దాని కింద నడిచిపోవాలి. కర్ర వీపుకి తగిలితే ఓడ ఎక్కిస్తారు. ఓడ గట్టుకి పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు మాంసం డబ్బాలు తెస్తుంది. ఆ డబ్బాలు నేను ముట్టను.

బావ వెళ్ళాక గజలక్ష్మి మెడ కింద గోకుతూ చాలాసేపు నిలబడ్డాను. దీన్ని ఓడ ఎక్కించడం నావల్ల కాదు. ఇలా రాసుకుంటే కాస్త ధైర్యంగా ఉంది.

మృగశిర కార్తె, రెండో రోజు

మబ్బు పట్టింది. ఆడవాళ్ళమంతా కప్పతల్లిని కట్టాం. గట్టు మీదైతే రోకలికి నిజమైన కప్పను కడతారట. మాకు కప్పలు లేవు, అందుకని మట్టికప్ప. పక్కింటి రూతమ్మ, నేను చెరో కొసా రోకలి పట్టుకుని ఇంటింటికీ తిప్పాం. వేపాకు వేసిన పసుపునీళ్ళు కుమ్మరిస్తుంటే దాని కళ్ళకి వేసిన రంగు కారిపోయింది. వెనకాల బావ కప్పలా అరుస్తూ వచ్చాడు. అది కూడా ఆచారమే. కప్పలు లేనప్పుడు వాటి పాట మనిషే పాడాలి. ఆ పని బావలా ఎవరూ చెయ్యలేరు. బుగ్గలు పొంగించి “బెకబెక” అంటుంటే పిల్లలు దొర్లి దొర్లి నవ్వుతారు.

నిజం కప్పల అరుపు విన్నవాళ్ళు ఈ లంకలో ఇంకా నలుగురైదుగురే ఉన్నారు. బావ ఒకడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ జోల పాడక్కర్లేకుండా, కప్పల సందడికే నిద్రపోయేవాడట. ఏటా ఈ రోజున ఆ మాట చెప్తాడు.

కప్పలు పూర్తిగా పోలేదని నాకు తెలుసు. లంక మీద ఎన్ని రకాల ప్రాణులున్నాయో ఏటా లెక్కపెట్టడం కూడా నా పనే. వడపోత కాలవ పక్కన రాళ్ళ సందున ఒకటో రెండో కనిపిస్తాయి, ముసలివి. పిల్లలు మాత్రం కనపడవు. కప్పలే కాదు. పేడను ఉండ చేసి దొర్లించే పురుగుల్లో మా అమ్మ హయాంలో ఎన్నో రకాలుండేవి, ఇప్పుడు ఒకటే మిగిలింది. ఎలుకలు మాత్రం పిల్లుల్ని తరిమేంత పెరిగాయి.

ఇలా జరగకూడదు. బడిలో మాకు నేర్పిన మొదటి పాఠం ఇదే: ఏనుగుల్లో రకాలెన్ని, పురుగుల్లో రకాలెన్ని? పెద్ద ఒళ్ళున్నవి కొద్ది రకాలు, చిన్న ఒళ్ళున్నవి లెక్కలేనన్ని. అందుకే మా పెద్దలు ‘ఒళ్ళు తగ్గితే ఊరు నిండుతుంది’ అన్నారు. అన్నిటినీ చిన్నవి చేస్తే, చిక్కిన చోటులో రకాలు పెరగాలి కదా? మేము ఒళ్ళు తగ్గిస్తూనే ఉన్నాం. రకాలూ తగ్గుతూనే ఉన్నాయి.

సాయంత్రం వాన దంచి కొట్టింది. పుణ్యం మట్టికప్పకి దక్కింది.

మృగశిర కార్తె, తొమ్మిదో రోజు

గజలక్ష్మికి మేత సగం చేశాను. బుద్ధిలేని పని. సన్నబడితే వీపు కిందికి దిగుతుందనుకున్నాను. దాని డొక్కలు లోపలికి పోయాయి గానీ ఎత్తు అంగుళం కూడా తగ్గలేదు. ఈ పొద్దున కట్టు తెంపుకుని రూతమ్మ తోటకూర మడి మొత్తం ఊడ్చేసింది.

రూతమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. “ఏంటక్కా ఇది? పిల్లలకి పప్పులోకి ఆకు కూడా ఉంచలేదు!”

“దాన్ని తిట్టకమ్మా, నన్ను తిట్టు. నేనే దాని కడుపు మాడ్చాను.”

సంగతి చెప్పాను. రూతమ్మ చీపురు కింద పెట్టి, మడిలో మిగిలిన నాలుగు కాడలూ పీకి గజలక్ష్మి నోట్లో పెట్టింది. “తినమ్మా, తిను. ఎలాగూ పోయింది మడి. ఎత్తు తగ్గాలంటే మేత కాదక్కా, వయసు రావాలి. మా మావగారు చూడు, ఏడాదికేడాది ఎలా కుంగిపోతన్నారో.”

ఇద్దరం నవ్వుకున్నాం. మధ్యాహ్నం నుంచి మేత మళ్ళీ పూర్తిగా పెట్టాను.

వాన పడిందగ్గర్నుంచి గజలక్ష్మి ఇంకో పని మొదలుపెట్టింది. కాలవ వారన పల్లంలో పడుకుని అటూ ఇటూ దొర్లి గుంట చేసింది. రోజూ అందులోనే. మిగిలిన గేదెలు కాలవలో కాళ్ళు తడుపుకుని వచ్చేస్తాయి. దీనికి మెడదాకా బురద కావాలి. ఇవాళ దాని మీద ఒక తెల్లకొంగ వాలింది. మా కురచ గేదె మీద కొంగ వాలబోతే గేదే బెదిరి పరిగెడుతుంది, అందుకే కొంగలు మా లంక మీద దిగడం ఎప్పుడో మానేశాయి. గజలక్ష్మి మాత్రం చెవి ఒకటి ఆడించి ఊరుకుంది. కొంగ దాని వెన్ను మీద అటూ ఇటూ నడిచింది. నాకెందుకో కళ్ళు చెమర్చాయి.

ఆరుద్ర కార్తె, నాలుగో రోజు

తోకకప్పలు!

గజలక్ష్మి గుంటలో, గుంట దాకా అది నడిచిన అడుగుల్లో, నల్లగా కిలబిల. మొదట దోమపిల్లలనుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని దోసిట్లోకి తీసుకుంటే తోకలు ఆడించాయి.

పక్కనే మిగిలిన గేదెల అడుగులు కూడా ఉన్నాయి. వాటిలోనూ గుడ్లు పెట్టినట్టున్నాయి, కానీ నీళ్ళు ఇంకిపోయి అడుగున నల్లటి పొట్టు మిగిలింది. వాటి అడుగు టీ సాసరంత లోతు. రెండెండలు కాస్తే ఆరిపోతుంది. తోకకప్పకి కాళ్ళు రావాలంటే వారాలు పడతాయి. గజలక్ష్మి అడుగు దిగబడితే నా మోచేయి దాకా లోతు, వాన ఆగినా నీరు ఆగుతుంది. కాలవలోనూ నీరు ఆగుతుంది గానీ అక్కడ చేపలు బతకనివ్వవు.

ఇన్నాళ్ళూ ఇది తట్టనందుకు నామీద నాకే కోపం వచ్చింది. చిన్నవి ఎన్నో రకాలు బతుకుతాయి, నిజమే. కానీ వాటికి గది కట్టేది పెద్ద ఒళ్ళు. మేమేమో ఇల్లు ఇరుకైందని గోడలు పడగొట్టుకున్నాం.

బావను పిలుచుకొచ్చాను. కర్రకి ఆముదం పట్టించే రోజులివి, ఆ కర్ర భుజాన వేసుకునే వచ్చాడు. గుంట పక్కన నొప్పి కాళ్ళు మడిచి కూర్చుని, వేలు నీళ్ళలో పెట్టాడు. ఒక తోకకప్ప వచ్చి వేలిని పొడిచింది. ఆయన చెయ్యి తియ్యలేదు.

“నిజంగా కప్పలేనంటావే?” అన్నాడు.

“నీ పాటకి పుట్టినయ్యి కాదులే. ఇదిగో, దీని ఒంటికి పుట్టినయ్యి. దీన్ని ఓడెక్కిస్తే వచ్చే ఏడు గుంట ఎవరు తవ్వుతారు?”

“మన పారతో మనం తవ్వలేమేంటే?”

“తవ్వుదాం. పేడెవరేస్తారు? కొంగనెక్కించుకుని నువ్వు తిరుగుతావా?”

నవ్వాడు గానీ వెంటనే తల అడ్డంగా ఊపాడు. “దీన్నొదిలితే రేపు అందరూ మాదొదులు, మాదొదులంటారే. మా నాన్న తను ముద్దుగా పెంచుకున్న కోడెను తన చేత్తో ఎక్కించాడు. నీకోసం నేను కర్ర వంచితే ఆయన మొహం నేనెలా తలుచుకోను?”

అది కాదనలేని మాట. అంతలో వాన మొదలైతే ఇద్దరం సావిడి వైపు పరిగెత్తాం. నేను లోపలికి దూరాను. కర్ర లోపలికి పట్టక, బావ గుమ్మం ముందే చూరు కింద నిలబడిపోయాడు. తడిసిన చొక్కా పొట్టకి అతుక్కుని బొడ్డు కనిపిస్తోంది. గుమ్మం పైచెక్క దానికి జానెడు పైన ఉంది.

మా సావిడి కట్టింది మొదటి కర్రపెద్ద ముత్యాలు తాత. బావకి ముత్తాత. గుమ్మాన్ని సరిగ్గా తన బొడ్డు ఎత్తుకి పెట్టించాడని లంకలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. రోజూ గుమ్మం దూరిన పశువు ఏడాదికోసారి కర్ర కింద దూరదా అని ఆయన లెక్క.

గట్టు నుంచి టీకాలు వెయ్యడానికి వచ్చే అమ్మాయి గుర్తొచ్చింది. మా ఇళ్ళల్లోకి వచ్చినప్పుడల్లా గుమ్మానికి తల కొట్టుకుంటుంది. గట్టువాళ్ళకి వంగడం చేతకాదని మేము నవ్వుకుంటాం. ఒక్కరికైనా, పొట్టివాళ్ళమైంది మేమేమో అని తోచలేదు.

“బావా, కదలకు. ముత్యాలు తాత బొడ్డు ఇక్కడుండేది,” అని చెక్క మీద చెయ్యి వేశాను. “నీది ఇక్కడుంది. తరం తరానికీ మనం కురచయ్యాం, మనతోపాటు కర్రా దిగింది. కర్ర దిగేకొద్దీ గేదెలు దిగాయి. గజలక్ష్మి పెద్దదవలేదు బావా. నువ్వు పొట్టోడివయ్యావు.”

చివరి మాట అనకుండా ఉండాల్సింది. మేనబావ కదా అని నోటికొచ్చింది అనేయడం అలవాటు. పైగా “పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు, ఒక్కటైనా వాడు” అని కూడా అన్నాను.

బావ చెక్క వంక చూశాడు. తన పొట్ట వంక చూసుకున్నాడు. కర్ర భుజాన వేసుకుని వానలోనే వెళ్ళిపోయాడు.

ఆరుద్ర కార్తె, పదకొండో రోజు

బావ మజ్జిగకి రావడం లేదు. గ్లాసు కడిగి గూట్లో పెడుతున్నాను, మర్నాడు మళ్ళీ తీసి కడుగుతున్నాను. అటువైపు వెళ్తే ఇంట్లో లేనట్టు తలుపు వేసుకుంటున్నాడు.

తోకకప్పలకి వెనక కాళ్ళు వచ్చాయి. చూపించడానికి మనిషి లేడు. గజలక్ష్మికి చెప్పాను, గుంటలోంచి కదలకుండా విన్నది. మనిషితో గొడవపడి గేదెతో మాట్లాడే స్థితికి వచ్చాను.

సాయంత్రం రూతమ్మ వచ్చింది. “చక్రం పెద్దయ్యగారు రాత్రిళ్ళు అన్నం కూడా సరిగా తింటం లేదంటక్కా. ఓడెక్కించిన పశువుల పేర్లు ఒక్కోటీ తలుచుకుంటన్నారంట. సుబ్బి, గంగడోలు, మల్లెపువ్వు అని.”

నేనన్న మాటలో ఆయనకి గుచ్చుకున్నది పొట్టి అన్నది కాదని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. రూతమ్మ చేత ఒక చెంబు మజ్జిగ పంపాను, ఉప్పు కాస్త ఎక్కువ వేసి, ఆయనకి ఇష్టమైనట్టు. చెంబు ఖాళీగా తిరిగొచ్చింది. మాట మాత్రం రాలేదు.

పునర్వసు కార్తె, మొదటి రోజు

ఇప్పుడే ఇంటికి వచ్చాను. చీరకి బురద ఆరకముందే రాయాలని కూర్చున్నాను.

పొద్దున్నుంచీ చిన్న వాన. రూతమ్మ ఇంటి ముందరి ఖాళీ జాగాలో కర్ర పట్టారు. బావ నా వైపు చూడలేదు. మేకలు, కురచ గేదెలు ఒక్కొక్కటే నడిచిపోయాయి. అవి తొక్కీ తొక్కీ కర్ర కింద నేలంతా బురదయింది. ఆఖరున గజలక్ష్మి వంతు. నేను రెండో కొస అందుకున్నాను.

“రా తల్లీ,” అని బావ మూడుసార్లు పిలిచాడు.

గజలక్ష్మి నింపాదిగా వచ్చింది. కర్ర దగ్గర ఆగి బురద వాసన చూసింది. ముందు మోకాళ్ళు మడిచింది, వెనక కాళ్ళు మడిచింది, సరిగ్గా కర్ర కింద, సగం ఇటూ సగం అటూ, పడుకుని నిట్టూర్చింది. కళ్ళు మూసుకుని నెమరు మొదలుపెట్టింది.

మొదట అందరూ నవ్వారు. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. దూరినట్టా, దూరనట్టా? లేస్తే వీపు కర్రకి తగులుతుంది. తాడు లాగకూడదు. ఒకరు ఈల వేశారు, ఒకరు గడ్డి చూపించారు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అన్న సామెత గేదెకీ వర్తిస్తుందని ఇవాళ కళ్ళారా చూశాం. నేనూ బావా చెరో కొసా పట్టుకుని తడుస్తూ నిలబడ్డాం. మధ్యలో అది ఉంది.

పొద్దు వాలింది. వాన కాస్త తెరిపిచ్చింది. అప్పుడు కాలవ వైపు నుంచి వినిపించింది. ముందు ఒకటే గొంతు, బొంగురుగా. ఆ రాళ్ళ సందుల్లోని ముసలిదే అయ్యుంటుంది, గుంటకి మళ్ళీ వచ్చినట్టుంది, మొదటిసారి వాన హోరులో మాకెవరికీ వినపడలేదేమో. కాసేపటికి ఇంకొకటి జవాబు చెప్పింది. పిల్లలు బావ మొహం చూశారు, ఆయనే అరుస్తున్నాడనుకుని. ఆయన నోరు మూసే ఉంది. గడ్డం మాత్రం అదురుతోంది.

“వేణీ,” అన్నాడు, ఇన్నాళ్ళకి. “కర్ర జాగ్రత్తగా పట్టుకో. రూతమ్మా, మీ రోలు దొర్లించుకొచ్చి ఇక్కడ బోర్లించమ్మా.”

రూతమ్మ రోలు తెచ్చి బోర్లించింది. ఆమె భుజం ఆసరా చేసుకుని, నొప్పి మోకాళ్ళతో మూలుగుతూ బావ దాని మీదికి ఎక్కాడు. కర్ర కొసను మళ్ళీ తన బొడ్డుకి ఆనించుకున్నాడు. నేను నా కొసను భుజాల దాకా ఎత్తాను.

వెనకనుంచి ఎవరో అరిచారు. “ఇదేం న్యాయమండీ? రోలెక్కితే ఎలాగ?”

“కర్ర ఎక్కడుండాల? కర్రపెద్ద బొడ్డు కాడ. ఉందా లేదా సూసుకో,” అన్నాడు బావ. తర్వాత గొంతు తగ్గించి, అందరికీ వినపడేలాగే చెప్పాడు. “మా ముత్తాత ఇంత ఎత్తుండేవాడయ్యా. నమ్మకపోతే సావిడి గుమ్మం కాడికెళ్ళి నిలబడండి. నేను నిలబడి సూశాను. పొట్టోణ్ణయ్యింది నేను, సిచ్చ పడింది వాటికి. ఇంక సాలు.”

రెండు మూడుసార్లు మళ్ళీ కప్ప అరిచింది.

గజలక్ష్మి మాత్రం వీటన్నిటికీ లేవలేదు. పాలు తీసే వేళయింది, అప్పుడు లేచింది. వెనక కాళ్ళు ముందు, ముందు కాళ్ళు తర్వాత. దాని వీపుకీ కర్రకీ మధ్య నా వేలు దూరేంత సందు మిగిలింది. బురద కారుతూ నడుచుకుంటూ వెళ్ళి, అవతల నిలబడి, ఒళ్ళు దులిపి మా అందరి మీదా చిందించింది.

“దూరింది!” అని బావ కేక పెట్టాడు. కేక మధ్యలోనే ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, నాకేం సిగ్గు.

జనం చెదిరిపోయారు. కర్ర కింద పెట్టి, బావను దించుదామని చెయ్యి అందించాను. చెయ్యి పట్టుకున్నాడు గానీ దిగలేదు. కాలవ వైపు చూస్తున్నాడు.

“దిగు బావా. మోకాళ్ళు పట్టేత్తాయి. ఇంటికెళ్ళి మజ్జిగ తాగుదువుగాని.”

“ఉండవే. ఇక్కణ్ణించి మన గుంట కనపడతంది. కొంగ కూడా కనపడతంది.” నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. “ముత్యాలు తాతకి లంక ఇంతుండేదన్నమాట.”

చీకటి పడేదాకా ఆయన దిగలేదు. నేను చెయ్యి వదల్లేదు.